ఫెయిర్‌స్టెడ్: ఇంటి కోసం కాదు, ఆఫీసు కోసం వెళ్లండి

ఫెయిర్‌స్టెడ్ అన్నది ఒక ఇంటి పేరు. అమెరికాలో బోస్టన్‌ను ఆనుకుని ఉన్న బ్రూక్‌లైన్‌లో, 99 వారెన్ స్ట్రీట్. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ డిజైన్ చేసిన ఇద్దరిలో ఒకరైన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ 1883లో ఇక్కడికి మకాం మార్చారు. ఇప్పుడు అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్ చూసుకుంటోంది, టికెట్ లేదు. సీజన్‌ను బట్టి తెరిచే రోజులు మారతాయి కాబట్టి ముందే చూసుకుని బయల్దేరాలి. బోస్టన్ సిటీ రైళ్లలో గ్రీన్ లైన్ డి రైలెక్కి బ్రూక్‌లైన్ హిల్స్‌లో దిగితే అక్కణ్ణుంచి నడకే.

ఇంటి గదులు మామూలే. అసలు సరుకంతా ఇంటికి కలిపి పెంచుకుంటూ పోయిన ఆఫీసులో ఉంది. పెద్దాయన 1895లో తప్పుకున్నాక, పెంచిన కొడుకు జాన్ చార్లెస్ (నిజానికి తమ్ముడి కొడుకు), సొంత కొడుకు ఫ్రెడరిక్ జూనియర్ కలిసి పార్కులు, తోటలు డిజైన్ చేసే ఈ సంస్థను 1898 నుంచి ఓమ్‌స్టెడ్ బ్రదర్స్ పేరుతో నడిపారు. సియాటెల్‌లో మనవాళ్లు తిరిగే వాలంటీర్ పార్క్ కూడా ఈ బల్లల మీద నడిచిన పనే.

డ్రాఫ్టింగ్ బల్లల తర్వాత ప్లాన్లు దాచే ఇటుక గది దగ్గర కాసేపు ఆగండి. నిప్పు భయంతో 1901లో కట్టారు. ప్రతి పనికీ ఒక జాబ్ నంబరు; ఉత్తరాలు, ఫొటోలు, సర్వే, డ్రాయింగులు అన్నీ ఆ నంబరు కిందే. మొక్కల ప్లాన్‌లో పేర్లుండవు, అంకెలే ఉంటాయి. ఏ అంకె ఏ మొక్క, ఎన్ని నాటాలి అన్నది వేరే జాబితాలో ఉంటుంది. ఆ జాబితా పోతే ప్లాన్ చేతిలో ఉన్నా నాటేవాడికి ఎందుకూ పనికిరాదు. వందేళ్ల నాటి పార్కును మళ్లీ బాగుచేయాలంటే ఈ రెండూ జతగా దొరకాలి. ఈ సంస్థ చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఈ గుమాస్తా పనే.

తోటలో దక్షిణం వైపు పచ్చికలో పెద్దాయన ఉంచుకున్న ఎల్మ్ చెట్టు ఇప్పుడు లేదు, తెగులు సోకి 2011లో కొట్టేశారు.

తిరుగు ప్రయాణంలో అదే లైన్‌లో ఫెన్‌వేలో దిగండి. అక్కడి మడ్డీ రివర్ అనే వాగు, దిగువన బ్యాక్ బే ఫెన్స్ అనే పార్కు ఈ సంస్థ పనులే. ఫెన్స్‌ను సముద్రపు పోటు వచ్చిపోయే ఉప్పునీటి చిత్తడిగా లెక్కకట్టి, ఉప్పు తట్టుకునే మొక్కలు వేయించారు. 1910లో ఈ వాగు కలిసే చార్లెస్ నదికి ఆనకట్ట పడి పోటు ఆగింది. నీళ్లు మంచినీళ్లయ్యాయి, ఆ మొక్కలు పోయాయి, రెల్లు కమ్మేసింది. ఎగువన కొంత వాగును పైపుల్లోకి తోసి పైన కార్ల పార్కింగ్ చేశారు. 1996 వానలకు ఆ ఇరుకులో నీళ్లు పట్టక పొంగి కెన్‌మోర్ భూగర్భ రైల్వే స్టేషన్‌లోకి దిగాయి. తర్వాత పార్కింగ్ తీసేసి వాగును మళ్లీ పైకి తెచ్చారు. మీరు రైలు దిగే చోటికి ఆ ముక్క దగ్గర్లోనే ఉంటుంది.