కాంతి తరంగదైర్ఘ్యం లెక్క: సుమారు విలువ మేలా, కచ్చితమైన విలువ మేలా?

కాంతి వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుందన్న సూత్రంలో ఎవరికీ పేచీ లేదు. ఆ భాగహారాన్ని ఏ ప్రమాణాల్లో చేయాలి, వేగానికి ఏ విలువ వేయాలి అన్న దగ్గరే ఎంపిక మొదలవుతుంది.

ప్రమాణాల సంగతి త్వరగానే తేలుతుంది. 600 టెరాహెర్ట్జ్‌ల (ఒక టెరాహెర్ట్జ్ అంటే 10¹² హెర్ట్జ్‌లు) కాంతికి పాఠ్యపుస్తక పద్ధతిలో 3 × 10⁸ని 6 × 10¹⁴తో భాగించి, 0.5 × 10⁻⁶ మీటర్లు రాబట్టి, దాన్ని మళ్లీ నానోమీటర్లలోకి మార్చాలి. ఘాతాంకం ముందున్న రుణ గుర్తు ఒక్కటి జారిపోతే కాంతి తరంగం పొడవు 500 కిలోమీటర్లని తేలుతుంది. పరీక్ష హడావిడిలో అది కంటపడకపోవడమూ మామూలే. పౌనఃపున్యాన్ని టెరాహెర్ట్జ్‌లలోనే ఉంచి 3,00,000ని దానితో భాగిస్తే మాత్రం జవాబు నేరుగా 500 నానోమీటర్లని వస్తుంది. సెకనుకు కిలోమీటర్లలో కాంతి వేగమూ ఇదే అంకె కాబట్టి విడిగా గుర్తుపెట్టుకోవలసిందేమీ లేదు. దృశ్య కాంతికి ఈ దారే మేలు.

అసలు చిక్కు ఆ 3,00,000తోనే ఉంది. శూన్యంలో కాంతి వేగం సెకనుకు 29,97,92,458 మీటర్లు. 1983లో మీటరును ఈ విలువ ఆధారంగానే నిర్వచించారు కనుక ఇందులో కొలత దోషానికి తావే లేదు. సుమారు విలువ దీనికంటే 0.07 శాతమే ఎక్కువ, కాబట్టి రంగు ఏదో తెలుసుకోవడానికి అది బాగానే సరిపోతుంది.

సోడియం దీపపు పసుపు కాంతి దగ్గర ఆ ధీమా చెల్లదు. ఆ కాంతిని రంగులుగా విడదీస్తే పక్కపక్కనే కనిపించే రెండు వర్ణపట గీతల పౌనఃపున్యాలు 508.849, 508.333 టెరాహెర్ట్జ్‌లు. 2,99,792.458ని వీటితో భాగిస్తే 589.16, 589.76 నానోమీటర్లు వస్తాయి. మొదటి గీతకు 3,00,000 వాడితే వచ్చేది 589.57, అంటే రెండు గీతల నడుమ ఉన్న దూరంలో మూడింట రెండు వంతులకు పైగా అది రెండో గీత వైపు జరిగిపోయిందన్నమాట. వర్ణపట గీతలను విడదీసి చూడవలసిన చోట కచ్చితమైన విలువనే వాడాలి.

అలా వాడినా, చాలా పట్టికల్లో కనిపించే 589.0, 589.6తో జవాబు కలవదు. మన లెక్క శూన్యానికి, అవి గాలిలోని విలువలు. వాటితో పోల్చాలంటే వచ్చిన జవాబును గాలి వక్రీభవన గుణకమైన (శూన్యంలోని కాంతి వేగం గాలిలోని వేగానికి ఎన్ని రెట్లో తెలిపే అంకె) సుమారు 1.00028తో మరోసారి భాగించాలి.