ఎక్కని ఔటర్ రింగు రోడ్డుకు టోలు కట్టాను: శంషాబాద్‌లో దిగేవారికి హెచ్చరిక

పోయిన వారం అమ్మను తీసుకుని దోహా నుంచి వచ్చాను. విమానం తెల్లవారుజామున మూడింటికి దిగింది. సామాను తీసుకుని బయటపడేసరికి నాలుగు కావస్తోంది. శంషాబాద్ నుంచి నారాయణగూడలోని మా ఇంటికి చేరడానికి అక్షరాలా 2,600 రూపాయలు వదిలించుకున్నాను. గల్ఫ్ విమానాలు చాలానే ఇలాంటి అపరాత్రి వేళల్లో దిగుతాయి కాబట్టి ఇది మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

తలుపు దాటగానే ఒకతను ఎదురొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఏదో గుర్తింపు కార్డు. "టాక్సీ కావాలా సార్?" అని అడిగి ఉంటే వినిపించుకోకుండా నడిచేవాడినే. అతను అడిగింది వేరు. "బుక్ చేశారా సార్? ఎంత చూపిస్తోంది?" ఫోను చేతిలోనే ఉంది, యాప్ పదకొండు వందల చిల్లర చూపిస్తోంది. నోరు జారి చెప్పేశాను. "వెయ్యికి దింపుతాను సార్, బండి ఇక్కడే ఉంది. యాప్ బండి కోసం అరగంట నిలబడాలి, అమ్మగారు నిలబడలేరు" అన్నాడు. అమ్మ మోకాళ్ల సంగతి ఇతనికెలా తెలుసని ఆశ్చర్యపోయాను. ట్రాలీ మీద బరువంతా ఆనించి నిలబడిన మనిషిని చూస్తే ఎవరికైనా తెలుస్తుందని ఇంటికొచ్చాక తట్టింది. వంద రూపాయలు మిగులుతాయనే ఆశ కూడా లేకపోలేదు, అబద్ధమెందుకు!

పార్కింగులో ఉన్నది తెల్ల కారు. నంబరు ప్లేటు కూడా తెలుపే. అద్దెకు తిరిగే బండికి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుండాలి. కరెంటు బండి అయితే ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు. అదే ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలుంటే సొంత బండి. తెల్ల ప్లేటు కారుకు టాక్సీ పర్మిట్ ఉండదు. దారిలో ఏదైనా ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పేచీ పెట్టవచ్చు. ఇదంతా నాకు ముందే తెలుసు. తెలిసే ఎక్కాను.

ఆరాంఘర్ రాకముందే పెట్రోలు బంకులోకి తిప్పి, మాట్లాడుకున్న వెయ్యీ ముందే ఇమ్మన్నాడు. ఇచ్చాను. తర్వాత పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాం. ఆరాంఘర్ నుంచి మెహదీపట్నం దాకా 11.6 కిలోమీటర్ల పొడవున సాగే వంతెన అది. కింద అత్తాపూర్ వైపు దాని పిల్లర్ల నంబర్లతోనే అడ్రసులు చెప్పుకుంటారు. ఆ వేళప్పుడు ఖాళీగా ఉంది, హాయిగా దాటేశాం. ఈ వంతెన మీద టోలు లేదు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

ఇంటి ముందు ఆపి, డిక్కీ తెరవకుండా లెక్క చెప్పాడు. పార్కింగు 300, రాత్రి చార్జీ 500, నాలుగు పెట్టెలకు తలా వంద, టోలు 400. మొత్తం ఇంకో 1,600. "టోలు ఎక్కడ కట్టావు?" అన్నాను. "ఔటర్ మీద సార్." మేం ఔటర్ ఎక్కనే లేదు! అక్కడ టోలు ఫాస్టాగ్ నుంచి పోతుంది, ఫోనుకు మెసేజ్ వస్తుంది, అది చూపించమన్నాను. "ఓనరు ఫోనుకు వస్తుంది సార్" అన్నాడు తడుముకోకుండా. ఈ ప్రశ్న అతనికి కొత్త కాదని అప్పుడు అర్థమైంది. ఫోనులో పంపుతానంటే వద్దన్నాడు, నగదే కావాలన్నాడు. వీధిలో ఎవరూ లేరు. అమ్మ బీపీ మాత్రలు డిక్కీలోని పెట్టెలో ఉన్నాయి. "ఇచ్చెయ్యరా, పోనీ" అంది అమ్మ. ఇచ్చాను.

మర్నాడు ఫిర్యాదు రాద్దామని కూర్చుంటే వాహనం నంబరు దగ్గరే ఆగిపోయాను. రసీదు లేదు, యాప్‌లో ప్రయాణం లేదు, బ్యాంకు ఖాతాలో లావాదేవీ లేదు. వెనక అద్దం మీద ఆంజనేయస్వామి బొమ్మ ఉందని మాత్రం ఖాయంగా చెప్పగలను. హైదరాబాద్‌లో ఆ గుర్తుతో కారును వెతకమని ఎవరిని అడగను?

మీరు చేయాల్సింది కష్టమేమీ కాదు. వెతుక్కుంటూ మన దగ్గరికి వచ్చినవాడి బండి ఎక్కవద్దు. ప్రీపెయిడ్ కౌంటరు ఉంది, అక్కడ చేతికి రసీదు వస్తుంది. యాప్‌లో బుక్ చేస్తే బండి నంబరు సరిచూసుకుని, లోపల కూర్చున్నాకే ఓటీపీ చెప్పండి. "రైడ్ క్యాన్సిల్ చేయండి, అదే డబ్బు నాకిచ్చేయండి" అని యాప్ డ్రైవరే అడిగినా ఒప్పుకోవద్దు. ఒప్పుకుంటే అదీ నేనెక్కిన తెల్ల కారు లాంటిదే అవుతుంది. గచ్చిబౌలి వైపు వెళ్లేవారు నిజంగానే ఔటర్ మీద వెళతారు, ఆ టోలు న్యాయమైనదే. కాకపోతే బిల్లులో ముందే కలిసి ఉందేమో చూడండి. మనిషి బెదిరిస్తే 112కు ఫోను చేయండి. నేను చేయలేదు, ఎందుకు చేయలేదో ఇప్పటికీ తెలియదు.

సామాను తక్కువుంటే నా ఓటు ఆర్టీసీ పుష్పక్ బస్సుకే. టికెట్ మీద ధర అచ్చయి ఉంటుంది, పెట్టెకింతని ఎవరూ అడగరు, ఏసీ కూడా ఉంటుంది. మా వీధి దాకా రాదు, నిజమే. బస్సు దిగిన చోటి నుంచి ఆటో మాట్లాడుకోవాలి. ఆ బేరం తెల్లవారాక, మన పేటలో, మనుషుల మధ్య జరుగుతుంది కదా.

వెనక అద్దం మీద ఆంజనేయస్వామి, మెడలో కార్డు, "ఎంత చూపిస్తోంది సార్?" అన్న పలకరింపు. ఈ మూడూ మీకు ఎక్కడైనా తగిలి, నంబరు గుర్తుంటే నాకు చెప్పండి. ఫిర్యాదు కాగితంలో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.