కాపలానా, బోర్డా, గోడా: రిసార్టులో పిల్లలకు ఏది మేలు?

2016 జూన్ 14 రాత్రి తొమ్మిది ప్రాంతంలో ఫ్లోరిడాలోని డిస్నీ గ్రాండ్ ఫ్లోరిడియన్ రిసార్టులో, సరస్సు ఒడ్డున, రెండేళ్ల బాబును ఎలిగేటర్ (మొసలి జాతి జంతువు) నీళ్లలోకి లాక్కుపోయింది. నెబ్రాస్కా నుంచి సెలవులకు వచ్చిన కుటుంబం అది. తండ్రి అక్కడే ఉన్నాడు. నీళ్లలోకి వెళ్లి దాని దవడలు విడదీయాలని పెనుగులాడాడు కానీ బిడ్డను విడిపించుకోలేకపోయాడు. మర్నాడు శవం దొరికింది. అప్పటికే ఊరూవాడా తల్లిదండ్రులను తిట్టడం మొదలైపోయింది. "ఈత కొట్టరాదు అన్న బోర్డు కనిపించలేదా? పసివాణ్ణి ఆ వేళప్పుడు నీళ్ల దగ్గర ఎలా వదిలారు?" గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

ఆ తిట్లలో ఓ నమ్మకం ఉంది. తల్లిదండ్రులు జాగ్రత్తగా ఉంటే చాలు, ఇలాంటివి జరగవని. అది నిజమేనా? అడవి జంతువులు తిరిగే చోట రిసార్టు కట్టినప్పుడు పిల్లలను కాపాడే దారులు నాలుగు కనిపిస్తాయి: తల్లిదండ్రుల కాపలా, హెచ్చరిక బోర్డు, జంతువులను పట్టి తీసుకుపోవడం, మధ్యలో ఓ గోడో కంచో కట్టడం. వీటిలో రిసార్టుకు పైసా ఖర్చు లేనిది మొదటిదే.

ముందు కాపలా సంగతే చూద్దాం. ఎలిగేటర్ వెంటపడి వేటాడే జంతువు కాదు. నీటిపైకి కళ్లు, ముక్కు రంధ్రాలు మాత్రమే ఉంచి కదలకుండా కాచుకుని ఉంటుంది. దాని దవడల వెంట చిన్న చిన్న బుడిపెలుంటాయి. నీటిలో పుట్టే సన్నటి అలను కూడా అవి పసిగడతాయి. చీకటి పడ్డాకే దానికి చురుకెక్కువ. ఆ బాబు ఇసుక గూడు కట్టుకుంటూ నీళ్లు తెచ్చుకోవడానికి ఒడ్డున వంగాడు. పాదాలు మాత్రమే తడిసే నీళ్లు. వంగిన పసివాడు నీటిలో ఉన్నదానికి చిన్న ప్రాణిలాగే కనిపిస్తాడు. అంత దగ్గర్లో తండ్రి ఉన్నా ఫలితం లేకపోయిందంటే ఇంకెంత దగ్గరగా ఉండాలి? కంటికి రెప్పలా కాచుకున్నా కనిపించని దాన్ని కాచుకోలేం. పైగా నెబ్రాస్కాలో ఎలిగేటర్లు ఉండవు. అక్కణ్ణుంచి వచ్చినవాళ్లకు కనిపించింది తెల్లటి ఇసుక, వాలుకుర్చీలు, చల్లటి సాయంత్రం. ఆ రాత్రి ఒడ్డున ఆరుబయట సినిమా కూడా ఉంది. రమ్మని పిలిచింది రిసార్టే. తల్లిదండ్రుల వైపు నుంచి అసాధారణమైన అశ్రద్ధ ఏదీ కనిపించలేదని అప్పటి ఆరెంజ్ కౌంటీ షెరీఫ్ జెర్రీ డెమింగ్స్ అప్పుడే చెప్పారు. తిట్టేవాళ్లు మాత్రం ఆగలేదు.

అయితే కాపలా వద్దని కాదు. ఈతకొలనులో మునిగిపోవడం, రోడ్డు మీదికి పరుగెత్తడం లాంటి తెలిసిన ప్రమాదాల విషయంలో అమ్మానాన్నల కన్నే మొదటి రక్ష. తెలియని ప్రమాదం దగ్గర ఆ కన్ను ఎటు చూడాలో ఎవరైనా చెప్పాలి.

ఆ చెప్పే పని బోర్డుది. అక్కడి బోర్డు మీద ఈత కొట్టరాదనే ఉంది, ఎలిగేటర్ మాటే లేదు. ఒడ్డున పాదాలు తడుపుకోవడం ఈత కిందికి వస్తుందని ఎవరనుకుంటారు? లోతు ఎక్కువేమో, నీళ్లు మురికేమో అనుకుంటాం. ఘటన జరిగిన కొద్ది రోజులకే ఎలిగేటర్, పాము బొమ్మలతో కొత్త బోర్డులు వచ్చాయి. అంటే చెప్పడం అంత కష్టమేమీ కాదన్నమాట. మన సంగతి కూడా ఆలోచించండి. డాలస్, అట్లాంటా, న్యూజెర్సీ నుంచి మనవాళ్లు పిల్లలతో ఓర్లాండో వెళ్తారు. తోడుగా ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మో తాతయ్యో ఉంటారు. తల్లీతండ్రీ టికెట్ల లైన్లో ఉంటే మనవణ్ణి పట్టుకుని ఒడ్డున తిరిగేది వాళ్లే. "నో స్విమ్మింగ్" అని చదివినా వాళ్లకు మొసలి గుర్తు రాదు. బొమ్మ చూస్తే ఒక్క క్షణంలో పిల్లాణ్ణి చంకనేసుకుని వెనక్కి వస్తారు. కారణం చెప్పని బోర్డు రిసార్టును కోర్టులో కాపాడుతుందేమో కానీ పిల్లాణ్ణి కాపాడదు. కారణాన్ని బొమ్మతో చెప్పే బోర్డు కాపలాకు నిజమైన తోడు. కాకపోతే చీకట్లో కనిపించదు, రెండేళ్లవాడు చదవడు.

మూడోది, జంతువులను పట్టుకుపోవడం. ఆ ఘటన జరిగిన కొద్ది రోజుల్లోనే అరడజను ఎలిగేటర్లను చంపారు. తర్వాతి ఐదేళ్లలో ఆ డిస్నీ స్థలం నుంచి 200కు పైగా ఎలిగేటర్లను తొలగించారు. అయినా ఇది ఒడవని పని. ఫ్లోరిడాలో దాదాపు 13 లక్షల ఎలిగేటర్లున్నాయి, 67 కౌంటీల్లో ఒక్కటీ మినహాయింపు కాదు. ఆ సరస్సు మనుషులు తవ్విందే అయినా పక్కనున్న బే లేక్‌తో కలిసి ఉంటుంది. ఒకటి పోతే ఇంకోటి వస్తుంది. దూరంగా వదిలితే తిరిగి పాత చోటికే వస్తాయి కాబట్టి పట్టినవాటిని చాలావరకు చంపేస్తారు. ఎవరో మేపి మచ్చిక చేసిన పాపానికి అది చావాలి. ఫ్లోరిడాలో ఎలిగేటర్‌కు తిండి వేయడం నేరం. తిండి అలవాటైతే అది మనిషంటే భయం మానేస్తుంది. టూరిస్టులను తప్పు పట్టాల్సి వస్తే నేను పట్టేది ఈ విషయంలోనే.

ఇక గోడ. ఆ రిసార్టు మొదట తాత్కాలిక కంచె, తర్వాత ఒడ్డు వెంట రాళ్ల గోడ కట్టింది. ఇసుకలో ఆడుకోవచ్చు, నీళ్లు చూడొచ్చు, నీళ్లలో చెయ్యి మాత్రం పెట్టలేరు. అమ్మ అలసిపోయినా, తాతయ్యకు ఇంగ్లిష్ రాకపోయినా, చీకటి పడినా గోడ తన పని తాను చేసుకుపోతుంది. నా లెక్కలో నాలుగింటిలో మేలైనది ఇదే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే నా బాధంతా.

డిస్నీ ఘటనకు సరిగ్గా పదిహేడు రోజుల ముందు, 2016 మే 28న, అమెరికాలోనే సిన్సినాటి జూలో మూడేళ్ల బాబు గొరిల్లా ఉండే చోట పడిపోయాడు. బాబును కాపాడటానికి హరాంబే అనే గొరిల్లాను కాల్చేశారు. తల్లిని ఎన్నెన్ని మాటలన్నారో! జూన్ 6న ప్రాసిక్యూటర్ ఆమె మీద కేసు లేదన్నాడు. మర్నాడే ఆ చోటు మళ్లీ తెరిచారు, అంతకుముందుకన్నా ఎత్తైన అడ్డుతో, వలతో. తిట్లు తల్లికి, మరమ్మతు కంచెకు. లోపం ఎక్కడుందో ఆ మరమ్మతే చెబుతోంది.

తప్పంతా తల్లిదండ్రుల మీదికి తోసేస్తే ఏమవుతుందో ఆస్ట్రేలియాలో చూశాం. 1980 ఆగస్టులో ఉలురు దగ్గర డేరా వేసుకున్న కుటుంబం నుంచి తొమ్మిది వారాల పాపను డింగో (అక్కడి అడవి కుక్క) ఎత్తుకుపోయింది. తల్లి లిండీ ఛాంబర్లిన్ అరిచి చెప్పినా నమ్మలేదు. 1982లో హత్యానేరం కింద యావజ్జీవ శిక్ష వేశారు. 1986లో పాప చొక్కా దొరికాక గానీ విడుదల చేయలేదు. డింగోనే చంపిందని కరోనర్ (మరణ కారణాలు విచారించే అధికారి) అధికారికంగా తేల్చేసరికి 2012 వచ్చింది. ఆ దేశంలోనే 2001లో క్గారి (పాత పేరు ఫ్రేజర్) దీవిలో డింగోలు తొమ్మిదేళ్ల బాలుణ్ణి చంపాయి. ఇప్పుడు ఆ దీవిలో ఊళ్లకు, కొన్ని క్యాంపులకు కంచెలున్నాయి. కంచె లేని చోట పిల్లలు చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉండాలని రేంజర్లు చెబుతారు. కాపలా, బోర్డు, కంచె మూడూ కలిసి పనిచేయడమంటే అది.

కంచె కట్టలేని చోట్లూ ఉంటాయి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఆరేళ్ల పాపను చంపినప్పుడు అక్కడా కొందరు తల్లిదండ్రులనే అనుమానించారు. మెట్ల పక్కనంతా శేషాచలం అడవి. టీటీడీ 15 ఏళ్ల లోపు పిల్లలను మధ్యాహ్నం 2 గంటల తర్వాత నడకదారిలోకి అనుమతించడం మానేసింది, భక్తులకు కర్రలిచ్చింది. కర్ర వల్ల ధైర్యం వస్తుందే గానీ, నాకు నమ్మకం ఉన్నది వేళల నియమం మీదే. చీకటికీ పిల్లలకూ మధ్య అదే గోడ.

రిసార్టు గది బుక్ చేసేటప్పుడు నీటి ఒడ్డున బాల్కనీ ఉన్న గదా, కంచె ఉన్న ఈతకొలను పక్క గదా అని వస్తే, ఐదేళ్ల లోపు పిల్లలున్నవాళ్లు రెండోదే తీసుకోవాలని నా మాట. అందం తగ్గుతుంది, డబ్బులూ తగ్గుతాయి. ఒడ్డున గదే కావాలంటే ముందు ఫోన్ చేసి, నీళ్లలో ఏమున్నాయి, అడ్డు ఏముంది, ఎన్ని గంటలకు ఒడ్డు మూస్తారు అని సూటిగా అడగండి. రాత్రిపూట ఒడ్డున సినిమా వేస్తామని వాళ్లు చెబితే, ఆ కుర్చీలకూ నీటికీ మధ్య ఏముందో అది కూడా అడగండి.