అద్దాల షాపా, తెరిచిన కొట్టా? డెల్టా ఊళ్లలో బట్టల దుకాణానికి ఏది మేలు?

అమలాపురంలోనో పాలకొల్లులోనో ఒక షట్టరు అద్దెకు తీసుకుని బట్టల కొట్టు పెట్టబోయేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: మీకు బేరాలు పగలా, దీపాలు పెట్టాకా?

రాజమండ్రి, భీమవరం లాంటి చోట్ల సాయంత్రమైతేనే బజారు కళకడుతుంది. ఆ వేళకి అద్దానికి తిరుగులేదు. బయట చీకటి, లోపల ఫోకస్ లైటు, బొమ్మకి కట్టిన పట్టుచీర జరీ రోడ్డవతలికి కూడా తళుక్కుమంటుంది. అదే అద్దంలో మిట్టమధ్యాహ్నం ఎదురుగా ఆగిన ఆటో తప్ప ఇంకేమీ కనిపించదు. లోపలికన్నా బయట వెలుతురు ఎన్నో రెట్లు ఎక్కువ కదా! లంక గ్రామాల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి, చీకటి పడకముందే ఇల్లు చేరాలనుకునే వాళ్లే మీ బేరమైతే ఆ అద్దం ఖర్చు దండగే. షాపు పడమటి ముఖమైతే మరీను. సాయంత్రం ఎండకి బొమ్మ మీది చీర రంగు వెలుస్తుంది, తరచూ మార్చాల్సిందే. పైగా మూసిన ఏసీ తలుపు చూసి, ‘ఇక్కడ ధరలెక్కువేమో’ అని వెనక్కి తిరిగేవాళ్లుంటారు. బొమ్మ పక్కన ధర చీటీ పెడితే ఆ బెరుకు చాలావరకు పోతుంది. ఎందుకో మనవాళ్లు ఆ చిన్న పని చేయరు.

తెరిచిన కొట్టు బలమంతా చేత్తో తాకి చూడటంలోనే ఉంది. గుమ్మం దగ్గర వేలాడే చీర అంచు పట్టుకుని చూసిన మనిషి సగం లోపలికి వచ్చినట్టే. ఆత్రేయపురంలో పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, అంతకు ముందు నుంచీ అక్కడ కార్లు ఆపేది బోర్డులు కావు, బోర్లించిన కుండ మీద రేకు తీస్తున్న చేతులు. బట్టలకీ అంతే. ఉప్పాడ జాందానీలో బుటా రెండు వైపులా ఒకేలా ఉంటుంది. దాన్ని అద్దం వెనక గోడకి ఆనించి కడితే ఆ గొప్పతనం ఎవరికి తెలుస్తుంది? గోడకి ఎడంగా వేలాడదీసి, వెనక నుంచి వెలుగు పడనిస్తే పనితనం అంతా బయటపడుతుంది. దుమ్ము, వానజల్లు, రోజూ సర్దుడు మాత్రం తప్పవు.

నా ఓటు చిన్న ఊళ్లలో తెరిచిన కొట్టుకే. ఓ పక్కన పట్టుచీరలకి మాత్రం అద్దాల గూడు ఉంటే చాలు. పెద్ద బజారులో, అదీ సాయంత్రం బేరాలైతే, అద్దాలే పెట్టండి.

రావులపాలెం దగ్గర హైవే పక్కన పెట్టేవాళ్లకి ఈ రెండూ అక్కరలేదు. కారులో వెళ్లేవాడికి కనిపించేది బోర్డొక్కటే. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అని బోర్డులు రాసేవాళ్ల లెక్క. రెండొందల అడుగుల నుంచి చదవాలంటే ఇరవై అంగుళాలు కావాలి. ఫ్లెక్సీలో యజమాని ఫొటో తీసేస్తే ఆ చోటు దొరుకుతుంది.