ఇంటి స్టూడియోకి ఆన్‌లైన్ యూపీఎస్: వాడి చూశాక

చెన్నై సాలిగ్రామంలో మా అద్దె ఫ్లాట్ వెనక గదిలోనే తెలుగు డబ్బింగ్, వాయిస్ ఓవర్ పనులు చేసుకుంటాను. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను తర్వాత 1 కేవీఏ సామర్థ్యం ఉన్న 'ఆన్‌లైన్' రకం యూపీఎస్ కొన్నాను. మామూలు యూపీఎస్‌కి మూడింతల ధర. అప్పటి నుంచి రోజూ వాడకంలోనే ఉంది.

కరెంటు విషయంలో వంక పెట్టడానికి లేదు. ఏసీని డీసీగా, దాన్ని మళ్లీ ఏసీగా ఎప్పుడూ మారుస్తూనే ఉంటుంది కాబట్టి ఈబీ (కరెంటు బోర్డు) సరఫరా పోయినా రెప్పపాటు ఖాళీ కూడా ఉండదు. టేక్ మధ్యలో ఇల్లంతా చీకటైనా రికార్డింగ్ సాగిపోతుంది. పాత స్టెబిలైజర్‌లో రిలే మారినప్పుడల్లా స్పీకర్లలో వచ్చే టక్కు కూడా పోయింది.

స్పీకర్లలో 'గుం' మనే హమ్ మాత్రం పోలేదు. అమ్మినవాళ్లు "ప్యూర్ సైన్ వేవ్ సార్, నాయిస్ అంతా క్లీన్" అన్నారు గానీ, ఈ సైజు యూపీఎస్‌లలో చాలావాటికి ఎర్త్, న్యూట్రల్ అవతలి నుంచి ఇవతలికి నేరుగా వచ్చేస్తాయి. ఎర్త్ దారిన వచ్చే గోలను అది ఎలా ఆపుతుంది? లాప్‌టాప్ చార్జర్ పీకి చూశాను. 50 హెర్ట్జ్ 'గుం' టక్కున ఆగింది. అంటే గ్రౌండ్ లూప్, కలిపిన పరికరాల మధ్య ఎర్త్‌కి ఒకటి కంటే ఎక్కువ దారులుండి చుట్టు ఏర్పడటం. చార్జర్, ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుని లాప్‌టాప్‌కి కలిపే పెట్టె), మానిటర్ స్పీకర్లు అన్నీ ఒకే బోర్డు మీదికి తెచ్చి, ఆ స్పీకర్లకి బయటి గోలను రద్దు చేసే బాలెన్స్‌డ్ కేబుళ్లు వేశాక తగ్గింది.

ఇంకో శబ్దం మిగిలింది, 'జుయ్' మని సన్నగా. మా తమ్ముడు సింగిల్ కాయిల్ గిటార్ (చుట్టుపక్కల గోలను సులువుగా పట్టే పికప్ ఉన్నది) తగిలిస్తే మరీ ఎక్కువ. పట్టుకోవడానికి చాలా తిప్పలు పడ్డాం. చివరికి చూస్తే హాల్లో ఫ్యాను! రెండో నంబర్లో పెడితే జుయ్, ఫుల్ స్పీడులో నిశ్శబ్దం. పాత డిమ్మర్ రకం రెగ్యులేటర్ కరెంటు అలని (సైన్ వేవ్‌ని) మధ్యలో కోసి పంపుతుంది, ఆ కోతే గిటార్‌లో పలుకుతుంది. కెపాసిటర్లతో పనిచేసే స్టెప్ రెగ్యులేటర్ పెట్టించాక పోయింది. యూపీఎస్ ధర ముందు దాని ఖర్చు ఏపాటి!

హమ్ పోవడానికి ఎర్త్ పిన్ను విరిచేయమనే సలహా మా ఫీల్డులో తరచూ వినిపిస్తుంది. దయచేసి వినకండి. ఏ పెట్టెలోనైనా ఫేజ్ లీకైతే దాని ఇనప బాడీ మీద చెయ్యేసిన మనిషే ఎర్త్ అవుతాడు.

ఇక పిడుగులు. యూపీఎస్‌లోనూ, సర్జ్ బోర్డులోనూ ఉండే ఎంఓవీలు (వోల్టేజీ పోటును మళ్లించే చిన్న భాగాలు) దూరంగా పడ్డ పిడుగు వల్ల లైన్లో వచ్చే పోటును కొంత మింగుతాయి. మింగిన కొద్దీ అవే అరిగిపోతాయి. దగ్గర్లో పడితే వాటి వల్ల కాదు. స్విచ్ ఆపితే చాలనుకోవడమూ పొరపాటే. గోడ స్విచ్ ఫేజ్‌ని మాత్రమే విడదీస్తుంది, న్యూట్రల్, ఎర్త్ తగిలే ఉంటాయి. లోపలి ఎడం కూడా కొన్ని మిల్లీమీటర్లే. అందుకే ఏటా అక్టోబరు నుంచి నేను పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ చూస్తుంటాను, ఉరుము వినబడితే ప్లగ్గులు పీకేస్తాను. రూటర్ నుంచి వచ్చే లాన్ వైరు కూడా. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లంటే పిడుగు సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు, అంతకంటే దగ్గరికి రాకముందే వైర్ హెడ్‌ఫోన్లు తీసేస్తాను. ఎడిటింగ్ అర్జెంటైతే లాప్‌టాప్ బ్యాటరీ మీదే చేసుకుంటాను.

యూపీఎస్‌తో ఇబ్బందులు రెండు. దాని లోపలి ఫ్యాను ఆగదు, కండెన్సర్ మైకు దాన్ని శుభ్రంగా పట్టేస్తుంది. నేను యూపీఎస్‌ని హాల్లో పెట్టి గదిలోకి ప్రత్యేకంగా వైరు లాగించాను. రెండోది బ్యాటరీలు. మన ఎండలకి త్వరగా చస్తాయి. సర్వీసు వాళ్లు వస్తాం వస్తాం అంటూ తిప్పించుకుంటే, చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో అదే సైజువి మూడు కొని ఎలక్ట్రీషియన్‌తో మార్పించాను. కరెంటు తరచూ పోయే ఏరియా అయితే ఈ యూపీఎస్ తీసుకోండి. మీ బాధ హమ్ ఒక్కటే అయితే మాత్రం ముందు ఇంటి ఎర్తింగ్ చెక్ చేయించండి.