రబ్బరు బోటు హుక్కులకు రెండు సీసాల పీయూ గమ్: బెజవాడ తేమలో పట్టు నిలుస్తుందా?

పేరుకు రబ్బరు బోట్లంటాం గానీ, ఇప్పుడు దొరికే చిన్న బోట్లలో ఎక్కువ పీవీసీవే. వాటికి తాడు కట్టే డీ రింగులు, తెడ్డు క్లిప్పులు, చేతిపట్టీలు ఊడితే బోటుతోపాటు ఇచ్చే బుల్లి ట్యూబు గమ్ చాలదు. సూది బొక్కకైతే సరే, బరువు లాగేచోట ఎండకు మెత్తబడి జారిపోతుంది. రెక్సిన్‌కీ ఫార్మికాకీ పూసే పసుపు రబ్బరు గమ్ అయితే శుద్ధ దండగ. పీవీసీని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ అందులోకి ఊరి, కొన్నాళ్లకు దాన్ని బంకబంకగా చేసేస్తుంది. కొనాల్సింది పాలీయురెథేన్ (పీయూ) గమ్, విడి సీసాలో హార్డెనర్‌తో, అంటే గమ్‌ను గట్టిపరిచే ద్రవంతో వచ్చేది. సరిగ్గా వాడితే పట్టుకు వంక పెట్టలేం. కానీ తేమనీ, కొలతలో అజాగ్రత్తనీ అస్సలు క్షమించదు.

కొనేముందు బోటు ఏ బట్టో తేల్చుకోండి. కనపడని మూల ఎంఈకే (మిథైల్ ఇథైల్ కీటోన్ అనే సాల్వెంట్) చుక్క వేసి గుడ్డతో రుద్దితే పీవీసీ జిగటగా అవుతుంది, హైపలాన్ అనే సింథటిక్ రబ్బరు బట్ట అవ్వదు, రంగు మాత్రం గుడ్డకు అంటుతుంది. హైపలాన్‌కు ఈ గమ్ వద్దు. దానికి నియోప్రీన్ రకం రెండు సీసాల గమ్ వేరే ఉంది, బోస్టిక్ 2402 లాంటిది.

హార్డెనర్ సాధారణంగా గమ్ బరువులో 5 శాతం దాకా ఉంటుంది. మీ డబ్బా మీద వేరే అంకె ఉంటే అదే పాటించాలి. పది సెంటీమీటర్ల డీ రింగు ప్యాచ్‌కు, రెండు వైపులా రెండేసి పూతలకు, బ్రష్‌కు అంటుకుపోయేదానితో కలిపి 10 గ్రాముల గమ్ పడుతుంది. అంటే హార్డెనర్ అర గ్రాము. వంటింటి కాటాకు అది అందదు, బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా కావాలి. ‘నాలుగు చుక్కలు ఎక్కువేస్తే గట్టిగా పడుతుంది’ అనే మాట నమ్మొద్దు. ఎక్కువైతే అతుకు పెళుసెక్కి అంచు లేస్తుంది, తక్కువైతే మే నెల ఎండకు సాగుతుంది. కలిపాక గంట, గంటన్నరలో వాడేయాలి. గిన్నెలో జెల్లీలా చిక్కబడితే థిన్నర్ పోసి బతికించే పని పెట్టుకోవద్దు.

పాత గమ్ మీద కొత్తది పూయడమే అన్నిటికన్నా పెద్ద తప్పు. హీట్ గన్‌తో వెచ్చచేసి ప్యాచ్ లాగేసి, మిగిలిన పొరను ఎంఈకే తడిపిన తెల్ల నూలుగుడ్డతో పూర్తిగా తీసేయాలి. గుడ్డ మడత మారుస్తూ ఒకే దిక్కుకు తుడవాలి. ముందుకీ వెనక్కీ రుద్దితే జిడ్డు అక్కడే తిరుగుతుంది. గుర్తు పెన్సిల్‌తో పెట్టండి, బాల్‌పెన్ సిరా పీవీసీలోకి ఇంకి ఎప్పటికీ పోదు. గాలి తీసిన బోటు ట్యూబును చదునైన చెక్క మీద పరిచి, మొదటి పూత పల్చగా వేసి అరగంట ఆరనివ్వాలి. రెండో పూత వేశాక పది, పదిహేను నిమిషాలకు వేలి వెనకభాగంతో తాకి చూడండి. బంకగా తగలాలి, వేలికి రాకూడదు. అప్పుడు అతికించి, మధ్య నుంచి అంచుకు సన్న రోలర్‌తో వత్తాలి. అప్పడాల కర్ర అంచు దగ్గర వత్తదు, గరిటె వెనకవైపు నయం.

ఇక తేమ. గాలిలో తేమ 60 శాతం దాటితే మొదలుపెట్టకపోవడం మంచిది. సాల్వెంట్ ఆవిరవుతూ పూతను చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి కంటికి కనపడని మంచు దాని మీద దిగుతుంది. పూత మెరుపు పోయి పాలపొరలా తెల్లబడితే అదే. అతికించకండి, తుడిచి మళ్లీ మొదలుపెట్టండి. హార్డెనర్‌లోని ఐసోసైనేట్ అనే రసాయనం నీటితో కలిసి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, అతుకులో బుడగలు అందుకే. త్వరగా ఆరుతుందని ఫ్యాన్ వేస్తే చల్లదనం పెరిగి ఇంకా చెడుతుంది. కృష్ణ ఒడ్డున జులై నుంచి అక్టోబరు దాకా ఈ పనికి మంచి రోజు దొరకడం కష్టం. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు, పొద్దుటి మంచు విడిచాక పదకొండు నుంచి మూడు మధ్య అనువైన సమయం. మే మధ్యాహ్నం తేమ తక్కువే కానీ గమ్ బ్రష్ మీదే ఆరిపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వీధుల్లోకి వచ్చినప్పుడు ఇలాంటి బోట్ల అవసరం అందరికీ తెలిసింది. చుట్టి మూల పెట్టిన బోటును వాన మొదలయ్యాక బాగుచేద్దామంటే కుదరదు.

అతికించాక 24 గంటలు గాలి కొట్టొద్దు, పూర్తి బరువు వారం తర్వాతే. డీ రింగు పక్కకు లాగితే చాలా మోస్తుంది, నిలువుగా పైకి లాగితే ఒలిచినట్టు లేస్తుంది. తాడు కట్టే కోణం ట్యూబుకు వీలైనంత దగ్గరగా ఉండాలి.

తెరుపు గాలిలోనే చేయండి, దరిదాపుల్లో మంట ఉండకూడదు. గుడ్డ మాస్కు ఈ ఆవిర్లను ఆపదు, సాల్వెంట్ ఆవిర్లను పట్టే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. ఆస్తమా ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి.

హుక్కులకూ పట్టీలకూ ఐదుకు నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. ట్యూబు అతుకులు, ఇంజిన్ బిగించే ట్రాన్సమ్ చెక్క మాత్రం పనివాళ్లకే వదిలేయండి. ఒక మార్కు కోత హార్డెనర్ సీసాకి. మూత తీశాక తేమ తగిలి మబ్బుగా మారుతుంది, గడ్డకడుతుంది. కిలో డబ్బా చవకని తెచ్చుకుంటే సగం పారబోయడమే. రెండు మూడు ప్యాచ్‌లకు సరిపడే చిన్న ప్యాకే కొనండి, తయారీ తేదీ చూసి.