డబ్బు పాఠానికి ఏ ఆట మేలు: మోనోపొలీ, క్యాష్‌ఫ్లో, పే డే?

రెక్కాడితే గాని డొక్కాడని ఇంటికి వెళ్లి పొదుపు మీద ఉపన్యాసం ఇస్తే వాళ్లను చిన్నబుచ్చినట్టే. అదే ఇంటిల్లిపాదీ ఒక బోర్డు చుట్టూ కూర్చుంటే, మాట దానంతట అదే డబ్బు మీదికి వస్తుంది. తన అప్పు గురించి నోరు విప్పని మనిషి కూడా ఆటలో చేసిన అప్పు గురించి గంటసేపు మాట్లాడతాడు. కాబట్టి ఆట మంచిదే. ఏ ఆట అన్నదే ప్రశ్న.

మోనోపొలీకి మూలం, ఎలిజబెత్ మేగీ 1904లో పేటెంట్ పొందిన ల్యాండ్‌లార్డ్స్ గేమ్. భూమి ఉన్నవాళ్లు అద్దెలతో ఎదుగుతుంటే మిగతావాళ్లు ఎలా చితికిపోతారో చూపించాలని ఆమె దాన్ని తయారుచేసింది. 1935లో పార్కర్ బ్రదర్స్ అమ్మకానికి పెట్టిన మోనోపొలీలో మాత్రం ఎదుటివాళ్లను దివాలా తీయించడమే గెలుపు. అందరూ సమానమైన డబ్బుతో మొదలుపెడతారు, నెలవారీ ఇంటిఖర్చు ఊసే లేదు. పిల్లలకు కూడికలు, తీసివేతలు వస్తాయి, అంతే.

‘రిచ్ డాడ్ పూర్ డాడ్’ పుస్తకం రాసిన రాబర్ట్ కియోసాకి తెచ్చిన క్యాష్‌ఫ్లో ఇంకాస్త లోతైనది. జీతం, ఖర్చు, ఆస్తి, అప్పు ఎవరికి వారు కాగితం మీద రాసుకోవాలి. ఆ అలవాటు బంగారం లాంటిది. కానీ అందులో గెలవాలంటే పెట్టుబడులు పెట్టాలి. నెలాఖరుకు ఏమీ మిగలని ఇంటికి ఆ దారి ఎక్కడ మొదలవుతుంది?

నా ఓటు 1975లో వచ్చిన పే డేకే. దాని బోర్డే ఒక నెల క్యాలెండర్, 31 గడులు. మధ్యలో బిల్లులు వచ్చిపడతాయి, జీతం చివరి గడిలో గానీ రాదు. డబ్బు ఎంత అన్నదొక్కటే కాదు, ఎప్పుడు చేతికొస్తుందన్నది కూడా టెన్షనే అని ఇందులో తెలిసొస్తుంది. లోటు ఒక్కటే, జీతం ప్రతి నెలా ఒకేలా వస్తుంది. దాన్ని మార్చుకోండి: ఆదాయం ఎంతో పాచిక వేసి తేల్చండి. అప్పుకు నెలకు నూటికి 5 వడ్డీ పెట్టండి. అసలు తీర్చకుండా వడ్డీ మాత్రమే కడుతూ పోతే 20 నెలలకు అసలంత డబ్బూ కట్టేస్తాం, అసలు మాత్రం అలాగే ఉంటుంది. చెబితే తలకెక్కని ఈ లెక్కను నెల తర్వాత నెల తమ చేత్తో నోట్లు ఇస్తూ పిల్లలు కూడా పట్టేస్తారు.

ఆట అయ్యాక గెలిచిందెవరని అడగొద్దు. మొదటి అప్పు ఏ గడిలో పుట్టింది, అంతకుముందు ఏ ఖర్చు ఆపి ఉండొచ్చు అని అడగండి.